మెట్ల గేటు మూసి ఉంది

పదిహేడో నంబరు లోపలికి వెళ్ళింది. నాది ఇరవై మూడు. టోకెన్ అంటే పెద్దదేం కాదు, చొక్కాల మధ్య పెట్టే అట్టని చదరంగా కత్తిరించి దాని మీద స్కెచ్ పెన్నుతో అంకె రాశారు, నా చేతి చెమటకి రెండు పక్కనున్న మూడు అప్పుడే కాళ్ళు చాపుకుంది. ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతోంది, అంటే నాకింకా గంట. చొక్కాల ఫ్యాక్టరీలో పనికి పరీక్ష ఇది, లోపల పది చొక్కాలిస్తారట, తప్పులు పట్టాలట, ఊడిన బొత్తం, వంకర కుట్టు, నూనె మరక, పట్టినవాళ్ళని సాయంత్రం దాకా ఉంచేసుకుంటారట, పట్టలేనివాళ్ళు అటునుంచి అటే వెనక తలుపులోంచి వెళ్ళిపోతారట. అందుకే లోపలికి పోయినవాళ్ళెవరూ మళ్ళీ ఈ తలుపులో కనపడటం లేదు. తలుపు దగ్గర చిన్న టేబుల్ వేసుకుని ఒకమ్మాయి కూర్చుంది, ఆమె ముందు ప్లాస్టిక్ డబ్బా, అందులో పోయినవాళ్ళ ఫోన్లు. ఫోన్లు లోపలికి తీసుకెళ్ళకూడదు, పట్టలేనివాళ్ళవి తర్వాత వెనక తలుపుకి పంపిస్తారట. అంటే లోపలికి పోయాక సాయంత్రం దాకా నేను ఎవరికీ అందను, నాకు ఎవరూ అందరు. ఉద్యోగం సంగతి కాదు, నేను చూస్తున్నది ఆ డబ్బానే.

మెట్ల గేటుకి గడియ వేశాను. బయల్దేరేటప్పుడు మెట్ల వైపు నిలబడి, చెయ్యి పైనుంచి లోపలికి పెట్టి వేశాను, వేసి లాగి చూశాను, పదిహేడు మెట్లూ దిగి చెప్పులేసుకుని మళ్ళీ పైకెక్కి ఇంకోసారి లాగి చూశాను. గేటవతల నా కూతురు కూర్చుని నేనేదో ఆట ఆడుతున్నాననుకుని చప్పట్లు కొట్టింది. పద్నాలుగు నెలలు దానికి. నడక వచ్చి మూడు వారాలు. నాన్న దాన్ని ప్యాసింజరు అంటాడు, ప్రతి కుర్చీ దగ్గరా ఆగుతుంది కాబట్టి, కుర్చీని పట్టుకుని కాసేపు నిలబడి, ఎవరైనా ఎక్కేవాళ్ళున్నారేమో అన్నట్టు అటూ ఇటూ చూసి, అప్పుడు కదులుతుంది కాబట్టి. కానీ మెట్ల వైపు మాత్రం అది ఎక్కడా ఆగదు. అటు పోతే ఎక్స్‌ప్రెస్సే. నేను వేసిన గడియ నేను తిరిగొచ్చేదాకా అలాగే ఉండిపోతే బెంగే లేదు, కానీ ఉండదు కదా, నాన్న పేపరుకి కిందికి దిగుతాడు, కింద టైర్ల షాపాయన, ఇల్లు ఆయనదే, ఏదో అడగడానికి పైకొస్తాడు, గడియ తియ్యడం వెయ్యడం తియ్యడం వెయ్యడం, అందులో ఒక్కసారి తియ్యడం ఉండి వెయ్యడం లేకపోతే చాలు.

పద్దెనిమిది. పొట్టి జుట్టావిడ, లేచి చేతులు పక్కలకి తుడుచుకుని లోపలికి వెళ్ళింది. తలుపు తెరిచినప్పుడు ఆవిరి వాసన వచ్చింది, వేడి ఇస్త్రీ, తడి గుడ్డ, ఆ వాసన నాకు తెలుసు, అది మా అమ్మ వాసన. అమ్మ ముప్పైరెండేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో చేసింది, దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషను గౌన్లు. ఇంటికొస్తే ఆమె చేతులు నానిన కాగితాల్లా ఉండేవి, నిద్రలో కూడా ఆ చేతులు రెండూ దగ్గరికొచ్చి దూరం వెళ్ళేవి, ఏదో మడుస్తున్నట్టు. రిటైరైన మర్నాడు అమ్మ బట్టలన్నీ తీగ మీంచి లాగి కుర్చీలో కుప్ప పోసి, "ఇంక నా చేత్తో ఒక్క గుడ్డ మడవను, ఎవరికి మడత కావాలో వాళ్ళే మడుచుకోండి" అంది. నవ్వులాటకంటోందనుకున్నాం. ఆర్నెల్లయింది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. మా ఆయన స్నానం చేసి వచ్చి ఆ కుప్పలో చెయ్యి పెట్టి తడుముతుంటాడు, బావిలో పడ్డ బిందె కోసం తడిమినట్టు, ఒకరోజు నా జాకెట్టు, ఒకరోజు పిల్ల టోపీ, చివరికెప్పుడో చొక్కా. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, ఇరుకులో దూరడం అలవాటే, ఏమీ అనడు. "అత్తయ్యా, ఇందులో మామయ్య కూడా ఉన్నాడా?" అంటాడంతే.

నాన్న అంతకు రెండు నెలల ముందు రిటైరయ్యాడు. రైలు డ్రైవరు. క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి కాబట్టి ఇద్దరూ మా ఇంటికొచ్చారు, రెండు ట్రంకు పెట్టెలు, ఒక మంచం, నాన్న డ్యూటీకి మోసుకెళ్ళే ఇనప పెట్టె. చిన్నప్పుడు ఇద్దరూ ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్ళు కాదు, ఇప్పుడు ఇద్దరూ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు, ఈ రెంటికీ మధ్య నాకు కొంచెం వ్యవధి ఇచ్చి ఉంటే బాగుండేది. నాన్న పొద్దున్నే తన భోజనం తనే క్యారియర్లో సర్దుకుంటాడు. సర్దుకుని మూత పెట్టి క్లిప్పు బిగించి కిటికీ పక్కన పెడతాడు. వంటిల్లు అక్కడికి నాలుగడుగులు. పన్నెండున్నరకి క్లిప్పు విప్పి, నిలబడే, కిటికీలోంచి బయటికి చూస్తూ, చల్లారిపోయింది తింటాడు. వేడిగా వడ్డిస్తాను రా నాన్నా అంటే, "వద్దులే, ఇక్కడ గాలి బాగుంది" అంటాడు. ముప్పై ఏళ్ళు ఆయన కిటికీ కదిలింది, ఇప్పుడది కదలదు, అయినా ఆయన దాన్ని వదల్లేదు. అమ్మ వారంలో రెండుసార్లు సిటీ బస్సెక్కి చివరి స్టాపు దాకా పోయి దిగకుండా అదే బస్సులో వెనక్కొస్తుంది. ఎందుకూ అంటే, "కూర్చుంటే ఊరంతా కనిపిస్తుంటే దిగడమెందుకు" అంటుంది. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం ఒకచోట కూర్చోదు. స్టీలు నీళ్ళ సీసా ఒకటి పట్టుకుని అరగంటకోసారి లేస్తుంది, నీళ్ళు పట్టుకొస్తానంటుంది, ఇల్లంతా తిరిగి వస్తుంది. ఒకసారి ఆ సీసా ఎత్తి చూశాను, నిండా ఉంది. షుగరేమో, పరీక్ష చేయించుకో అమ్మా అంటే, "కూర్చుంటే కాళ్ళు బిగుసుకుపోతాయే, నీకు నా వయసొస్తే తెలుస్తుంది" అంది.

ఇవన్నీ వింతలే, వీటితో బతకొచ్చు. బతకలేనిది ఇంకొకటుంది.

రైలు నడిపేటప్పుడు డ్రైవరొక్కడే ఉండడు, పక్కన అసిస్టెంటు ఉంటాడు. దూరంగా సిగ్నల్ కనపడగానే డ్రైవరు పైకి చెబుతాడు, పచ్చ అని, పసుపు అని, ఎరుపు అని. అసిస్టెంటు తిరిగి అదే మాట చెప్పాలి. ఊరికే చెప్పకూడదు, తన కళ్ళతో తను చూసి చెప్పాలి. నా ఎనిమిదో ఏట నాన్న నాకిది చెప్పాడు, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నేను చెప్పానని వాడు చెబితే ఇంజనులో ఉన్నది ఇద్దరు కాదు, ఒకడున్నర" అన్నాడు. నాకది బాగా నచ్చింది, ఒకడున్నర. ఇప్పుడు నాన్న ఇంట్లో అదే చేస్తాడు. అరగంటకోసారి, గడియారం చూసుకుని, లేచి వంటింటి నుంచి మొదలుపెడతాడు. "పొయ్యి ఆపి ఉంది!" గొంతు చించుకుంటాడు, ఇంజను చప్పుడులో మాట్లాడి మాట్లాడి ఆయనకి నెమ్మది అనేది పోయింది. అమ్మ ఎక్కడున్నా అక్కణ్ణుంచి, "ఆపి ఉంది!" "బాత్రూం తలుపు వేసి ఉంది!" "వేసి ఉంది!" "కిటికీ చిలుకు పడి ఉంది!" "పడి ఉంది!" ఆఖరిది, "మెట్ల గేటు మూసి ఉంది!" "మూసి ఉంది!" మొదటివారం కింద షాపాయన పైకొచ్చి ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. మా ఆయన ఆయన్ని మెట్ల దాకా సాగనంపి వచ్చి, "మన ఇల్లు జంక్షనయింది, ఇంక అద్దె పెంచుతాడు" అన్నాడు. ఆ గేటు చేసింది మా ఆయనే, పిల్ల పాకడం మొదలుపెట్టాక, పాత మంచం పట్టీలు కోసి.

పంతొమ్మిది. ఇరవై.

"ఏమ్మా, ఆ కాలు ఆపు తల్లీ. బల్లంతా ఊగుతోంది, నాకు పడవెక్కినట్టుంది."

పక్కావిడ. పెద్ద మనిషి, వెడల్పాటి భుజాలు, ఇరవై రెండో నంబరు ఆవిడది. ఇది మూడో ఫ్యాక్టరీ అట, రెండు మూతపడ్డాయట. కాలు ఆపాను. ఆపితే చెయ్యి మొదలైంది, టోకెన్ని తిప్పడం.

"పిల్లనెక్కడ వదిలొచ్చావు?"

పిల్ల ఉందని నేను చెప్పలేదు. ఆవిడ నా భుజం కేసి చూపించింది, పాలు కక్కిన మరక, ఎండి అట్టకట్టింది. తప్పులు పట్టే పనికి వచ్చి నా మీద నేను మరక చూసుకోలేదు.

"మా అమ్మానాన్న దగ్గర."

"సొంత అమ్మానాన్నేనా?"

"సొంతమే."

"మరింకేం. నాన్నగారేం చేసేవారు?"

"రైలు డ్రైవరు."

"అబ్బో! అన్ని వందలమందిని భద్రంగా దింపినాయన ఒక్క పిల్లని చూడలేడా? ఊరుకో. నా పిల్లలప్పుడు నేను పక్కింటి కుక్కకి అప్పజెప్పి వచ్చేదాన్ని." ఆవిడే నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు మొహం దాకానే వచ్చింది.

అన్ని వందలమందిని దింపాడు, నిజమే. కానీ ఆఖరి పదకొండు నెలలు దింపలేదు. ఇది నాకొక్కదానికే తెలుసు. ఇక్కడికి సామాను తెచ్చిన రోజు ఆ ఇనప పెట్టె తుడుస్తూ అడుగున పరిచిన పాత కాగితం తీస్తే కిందొక ఉత్తరం ఉంది. నాకు చదువు తక్కువ కానీ అంత తక్కువ కాదు. కంటి పరీక్షలో నిలవలేదు కాబట్టి లైను మీద డ్యూటీ ఇవ్వలేమని, షెడ్డులో కూర్చునే పని ఇస్తున్నామని. మాకు మాత్రం "సీనియర్ని కదా, దగ్గర లైను బండ్లే ఇచ్చారు" అని చెప్పాడు. పదకొండు నెలలు ఆయన రోజూ అదే పెట్టె మోసుకుని, అదే క్యారియరు పట్టుకుని పోయి, ఒక గదిలో కూర్చుని, వేరే డ్రైవర్లకి డ్యూటీ కాగితాలు అందించి, అదే పెట్టె మోసుకుని వచ్చాడు. ఉత్తరం ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేశాను. అమ్మకి చెప్పలేదు, అమ్మకి తెలియదు, ఆ పెట్టె ఆయన తప్ప ఎవరూ ముట్టరు. మా ఆయనకీ చెప్పలేదు. కానీ అప్పట్నుంచి చూస్తున్నాను. ఒక కాలికి నల్ల మేజోడు, ఒక కాలికి గోధుమరంగు. కుప్పలోంచి తీసుకుంటాడు కాబట్టి అది అమ్మ తప్పని అనుకోవచ్చు. ఒకరోజు టీ కప్పులో కాకుండా కప్పు పక్కన పోశాడు, కొంచెమే, అమ్మ చేతిలో గుడ్డ అప్పుడే ఎలా ఉందో తెలియదు, ఆయన చూసుకునేలోపు తుడిచేసి కప్పుని ఆయన చేతి కిందికి జరిపింది. మరకంటే అమ్మకి మొదట్నుంచీ పడదు. పిల్ల ఎరుపు బంతి వైపు చెయ్యి చాపి ఏడిస్తే నాన్న తెచ్చింది పచ్చది. పిల్లకి రంగులు తెలియవు, తీసుకుంది. నాకు తెలుసు.

అంటే డ్రైవరుకి కనపడదు. మరి అసిస్టెంటు సంగతో, రెండు వారాల క్రితం నేను మెట్ల దగ్గర కూర్చుని పిల్ల బట్టలు మడుస్తున్నాను, నాన్న వచ్చి, గేటుకి రెండడుగుల దూరంలో నిలబడి, "మెట్ల గేటు మూసి ఉంది!" అన్నాడు. "మూసి ఉంది!" అంది అమ్మ. బాత్రూంలోంచి. లోపల నీళ్ళు పడుతున్నాయి. బాత్రూంలోంచి మెట్లు కనపడాలంటే గోడలు గాజువి కావాలి. గేటు నిజంగానే మూసి ఉంది, నేను లేచి పట్టుకుని చూశాను. అది మూసి ఉండటం వేరు, వాళ్ళు చెప్పడం వేరు. ఒకరికి కనపడక చెబుతారు, ఒకరు చూడక చెబుతారు, ఇద్దరూ ఎంత గట్టిగా చెబుతారంటే విన్నవాళ్ళు ఎంత భద్రమైన ఇల్లో అనుకుంటారు. ఒకడున్నర కూడా కాదు, ఎవరూ లేరు. అమ్మని అడగొచ్చు. అడిగితే నాన్న కళ్ళ సంగతి చెప్పాలి. నాన్నని అడగొచ్చు. అడిగితే ఆయన చేతిలో మిగిలిన ఆ ఒక్క డ్యూటీ కూడా నేను లాక్కున్నట్టు, షెడ్డులో కూర్చోబెట్టినట్టు.

ఒకప్పుడు నేనూ చెప్పేదాన్ని. నాకు పన్నెండు, తమ్ముడికి నాలుగు, వాడికి ఉబ్బసం, ఎప్పుడు ఊపిరాడక లేస్తాడో తెలియదు. నాన్న లైను మీద, అమ్మ రెండో షిఫ్టులో. ఇంట్లో నేను పెద్ద. పొయ్యి ఆపి, "పొయ్యి ఆపాను!" అని అరిచేదాన్ని, మంచం మీంచి తమ్ముడు, "ఆపాను!" అనేవాడు, వాడికి మాట తిరిగేది కాదు, "ఆపాలు" అనేవాడు. వాడు పొయ్యి వైపు చూసింది లేదు, దుప్పటి ముసుగులోంచి అనేవాడు. అయినా ఆ మాట తిరిగొస్తే నాకు పడుకోబుద్ధయ్యేది. తొమ్మిదో తరగతిలో సగంలో బడి మానేశాను. ఎవరూ మాన్పించలేదు. అమ్మ ఒకరోజు నా యూనిఫారం మడుస్తూ, మడుస్తూ, "ఈ ఏడాదికి ఆగుదువుగాని, వాడికి కాస్త నయమయ్యాక" అంది. ఆ యూనిఫారాన్ని ఆసుపత్రి దుప్పటిలా మడిచింది, నాలుగు మూలలూ కలిపి, మధ్యలో చేత్తో నొక్కి. అది మళ్ళీ విప్పలేదు. వాడికి నయమైంది, మొన్న పెళ్ళి కూడా అయింది. నాకు కోపం లేదు. నిజంగా వెతికి చూశాను, కుర్చీలో కుప్పలో వెతికినట్టు, ఏవేవో దొరికాయి కానీ కోపం దొరకలేదు. ఇప్పుడు వాళ్ళు పిల్లని చూస్తామన్నారు. వాళ్ళంతట వాళ్ళే అన్నారు, అమ్మే అంది, "నువ్వు పోవే పనికి, మేం లేమా" అని. మేం లేమా. ఆ మాట ఆ ఇంట్లో పదిహేనేళ్ళ ముందు వినిపించి ఉంటే అనుకున్నాను, వెంటనే మర్చిపోయాను, మర్చిపోయాననుకున్నాను.

ఇరవై ఒకటి.

ఈ ఉద్యోగం నాకు సరిపోతుంది. భయానికి జీతమిచ్చే ఉద్యోగం ఇంకెక్కడ దొరుకుతుంది? రోజంతా ఎక్కడ ఏం తప్పు జరిగిందా అని వెతకడమే పని, నేనెలాగూ అదే చేస్తున్నాను, ఊరికే చేస్తున్నాను. కానీ చెయ్యాలంటే ఆ డబ్బాలో ఫోను పెట్టాలి. లేచి వెళ్ళిపోతే టోకెన్ ఇంకొకరికిస్తారు. ఇంటికి ఇక్కణ్ణుంచి రెండు బస్సులు, నలభై నిమిషాలు. నలభై నిమిషాల్లో ఎన్ని గడియలు తియ్యొచ్చు. ఇప్పుడు పోయి గేటు మూసి ఉండటం చూసి ఊపిరి పీల్చుకుంటాను, సరే, రేపు? ఎల్లుండి? దానికి పెళ్ళయ్యేదాకా మెట్ల మీద కూర్చుంటానా? కూర్చుంటానేమో. కూర్చునేవాళ్ళు ఉన్నారు, పొయ్యి మీద పాలు పెట్టుకుని జీవితమంతా గిన్నె వైపే చూసేవాళ్ళు.

ఫోను తీశాను. ఇంట్లో ఫోను మెట్ల పక్కన అలమరలో ఉంటుంది, నాన్నే ఎత్తాడు, ఆయన ఫోను ఎత్తితే మనం చెవికి దూరంగా పట్టుకోవాలి.

"ఎవరూ!"

"నేనే నాన్నా. ప్యాసింజరు ఏం చేస్తోంది?"

"నిద్రపోయి లేచింది! నా కాలు పట్టుకుని నిలబడింది! సిగ్నల్ లేదు దానికి! ఏమ్మా, అయిపోయిందా నీ పరీక్ష?"

"లేదు. ఇంకొకరున్నారు నా ముందు."

"మంచిది! ఉండు, లైనులో ఉండు, టైమైంది, చుట్టేసి వస్తా!"

ఫోను అలమరలో పెట్టిన చప్పుడు. పెట్టెయ్యకుండా పెట్టాడు. ఆయన అడుగులు వంటింటి వైపు వెళ్ళాయి, వాటి పక్కన చిన్న అడుగులు, తడబడి, ఆగి, మళ్ళీ. నేను రెండో చెవి మూసుకున్నాను. నాన్న గొంతు దూరంగా, వంటింట్లోంచి, "పొయ్యి ఆపి ఉంది!"

"ఆపి ఉంది!"

అమ్మ గొంతు. కానీ దూరంగా కాదు. నా చెవి పక్కనే అన్నట్టు, అంత దగ్గరగా, ఊపిరి కూడా వినిపించింది. అమ్మ ఫోను పక్కనుంది. అంటే మెట్ల దగ్గరుంది. ఫోను అలమరలో తెరిచి ఉందని ఆమెకి తెలియదు. నీళ్ళ సీసా ఎక్కడో రాసుకున్న చప్పుడు. తర్వాత, టక్. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు, మా ఆయన చేసిన గడియ, కొంచెం బిగువు, చివరి అరంగుళం బొటనవేలితో నొక్కితే తప్ప పడదు. టక్. తర్వాత అమ్మ చెప్పులు, తొందర లేకుండా, గదిలోకి. మంచం కిర్రుమంది.

"బాత్రూం తలుపు వేసి ఉంది!" నాన్న, ఇంకొంచెం దగ్గరగా.

"వేసి ఉంది!" అమ్మ, మంచం మీంచి.

"కిటికీ చిలుకు పడి ఉంది!"

"పడి ఉంది!"

తర్వాత నాన్న అడుగులు, పెద్దవి, పక్కన చిన్నవి, మెట్ల దగ్గరికొచ్చి ఆగాయి. "మెట్ల గేటు మూసి ఉంది!"

"మూసి ఉంది!"

ఆర్నెల్లుగా నేను విన్నది ఈ రెండు మాటలే. వీటి ముందు టక్ ఉందని వినలేదు. ఆమె ఆయన వెనక నడవడం లేదు, ఆయన కంటే ఒక చుట్టు ముందు నడుస్తోంది, నిండుగా ఉన్న సీసా పట్టుకుని, నీళ్ళు పట్టుకురావడానికి. ఆయన గడియారం చూసే రెండు నిమిషాల ముందు పొయ్యి చూసి, తలుపు లాగి, చిలుకు తట్టి, గేటు దగ్గరికొస్తుంది, ఇవాళ ఆయన ఫోనెత్తి అక్కడే నిలబడ్డాడు కాబట్టి గేటొక్కటే వెనకపడింది. ఆయన లేచాక లేచి చూస్తే ఆయనకి తెలిసిపోతుంది, తన మాట చాలడం లేదని. అందుకని ఆయన మాట నిజమయ్యేలా ముందే చేసిపెట్టి, వచ్చి కూర్చుని, బాత్రూంలోకైనా పోయి, అక్కణ్ణుంచి తిరిగి చెబుతుంది. ఆ రోజు నీళ్ళు పడుతున్నది అందుకేనేమో, ఆమె అప్పటికే చూసేసింది. ఎప్పట్నుంచి తెలుసు ఆమెకి? పెట్టె ముట్టదు. ఉత్తరం చూడలేదు. మేజోళ్ళు చూసి ఉంటుంది. ముప్పైరెండేళ్ళు దుప్పట్లు చూసిన మనిషి, ఏ మంచం మీది రోగికి ఏమైందో దుప్పటి చూసి చెప్పేది. షెడ్డు నుంచి వచ్చిన చొక్కాకి ఇంజను మసి ఉండదు. ఆ చొక్కాలు ఉతికింది ఆమే. మొదటి రోజే తెలిసి ఉంటుంది. పదకొండు నెలలు ఆ క్యారియరు కట్టిచ్చింది.

కానీ టక్ అంటే ఏమిటి? అప్పటిదాకా గేటు తెరిచి ఉందనా? లేక ఆమె తీసి మళ్ళీ వేసి చూసిందనా, నేను లాగి చూసినట్టు? రెండూ కావచ్చు. మొదటిదైతే, ఆ రెండు నిమిషాల ముందు, పిల్ల నాన్న కాలు పట్టుకుని నిలబడినప్పుడు, గేటు... ఆపాను. అక్కడే ఆపాను, ఎలా ఆగానో తెలియదు.

ఫోనులో అలమర చప్పుడైంది. నాన్న అనుకున్నాను, అమ్మ.

"ఎవరిదిది, ఫోను తెరిచి పెట్టారు? నువ్వా? ఇంకా లోపలికి పోలేదా?"

"లేదమ్మా. పోతున్నాను."

"మరెందుకు చేశావు?"

ఊరికే అందామనుకున్నాను. నోరు వేరేది అంది. "అమ్మా, మెట్ల గేటు..."

వెనక నాన్న పిల్లతో అంటున్నాడు, ప్యాసింజరు లూపు లైనులోకి, ప్యాసింజరు లూపు లైనులోకి, పిల్ల కిలకిలమంటోంది.

"మూసి ఉంది," అంది అమ్మ. గొంతులో ఏమీ లేదు. "ఆయన చెప్పారుగా, వినలేదా?"

"విన్నాను."

"మరింకేం. పెట్టెయ్. ఆ కాలు ఆడించకు, వాళ్ళు చూస్తే ఉద్యోగమివ్వరు."

నేను కాలు ఆడిస్తున్నానని ఆమెకెలా తెలుసు. బల్ల ఊగుతోంది. పక్కావిడ స్థానం ఖాళీగా ఉంది, ఆవిడ ఎప్పుడు లోపలికి పోయిందో చూడలేదు, బల్ల మీద ఆవిడ కూర్చున్నచోట ఇంకా వెచ్చగా ఉంది.

"ఇరవై మూడు."

లేచాను. టేబుల్ దగ్గరమ్మాయి డబ్బా నా వైపు జరిపింది. "ఫోను ఆపారా అక్కా?"

"ఆపాను," అన్నాను. అనేశాక చూశాను. ఆపలేదు, తెర మీద పిల్ల మొహం వెలుగుతోంది, చప్పట్లు కొట్టబోతూ. దాన్ని నొక్కి పట్టుకున్నాను, మొహం పోయింది, నల్లగా అయింది, ఆ నలుపులో నా మొహం కనపడింది. ఇప్పుడు ఆపి ఉంది. మిగతా ఫోన్ల పక్కన, బోర్లా పెట్టాను. టోకెన్ ఇచ్చాను, అంకె ఏమిటో ఆమె దాన్ని వెలుతురు వైపు తిప్పి చదువుకోవాల్సి వచ్చింది.

లోపల పెద్ద గది, కళ్ళు చెదిరే తెల్లటి లైట్లు, అమ్మ వాసన. అద్దాలు ముక్కు మీదికి దించుకున్న ఒకావిడ టేబుల్ చూపించి, తొందరపడకు అంది. టేబుల్ మీద పది చొక్కాలున్నాయి, ఒకదాని మీద ఒకటి, నాలుగు మూలలూ కలిపి, మధ్యలో ఎవరో చేత్తో నొక్కినట్టు. మొదటి చొక్కా మడత విప్పాను.